జేజినాయన పెన్సిలు రాతలు: పాత బైబిలు వ్యాఖ్యానాల వేట (మా వాడ చరిత్ర – 14వ భాగం)



పోయిన భాగంలో మా వాడ బడి గురించి రాశాను. దాని కింద చాలామంది విద్యార్థులు ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, నువ్వు చర్చికి పోవు, ప్రార్థన చేయవు, అంబేడ్కర్ మాట మాట్లాడతావు. మరి నీ ఇంట్లో బీరువా నిండా పాత బైబిలు వ్యాఖ్యానాలు ఎందుకు?" ఇద్దరు ముగ్గురు కార్యకర్త మిత్రులైతే కోపంగానే అడిగారు. ఇవాళ దానికే జవాబు. కొంచెం పొడుగవుతుంది. ఓపికతో చదవండి.

ముందు ఆ పుస్తకాలేమిటో చెప్తాను. బైబిల్లోని ఒక్కో వచనాన్ని తీసుకుని దానికి అర్థం, సందర్భం, దాన్ని మనిషి బతుకులో ఎట్లా పాటించాలో చెప్పే పుస్తకాన్ని వ్యాఖ్యానం అంటారు. పండితుల కోసం రాసినవి వేరే ఉన్నాయి. నేను పోగేసేవి మామూలు బోధకుడు పొద్దున్నే దీపం దగ్గర పెట్టుకుని చదువుకోడానికి రాసినవి. ఇవి ఒక్క పుస్తకంగా ఉండవు, సెట్లుగా ఉంటాయి. మాథ్యూ హెన్రీది ఆరు సంపుటాలు. ఆయన 1714లో చనిపోయేనాటికి అపొస్తలుల కార్యముల దాకానే వచ్చాడు. మిగతాది ఆయన నోట్సు చూసి ఇతర బోధకులు పూర్తి చేశారు. ఆడమ్ క్లార్క్ అనే మెథడిస్టు 1810 నుంచి 1826 దాకా అచ్చు వేస్తూ పోయాడు. స్పర్జన్ ఒక్క కీర్తనల గ్రంథానికే ఏడు సంపుటాలు రాశాడు. విలియం బార్‌క్లే అనే స్కాట్లాండు ఆయన 1950ల్లో కొత్త నిబంధనకు పదిహేడు చిన్న పుస్తకాలు రాశాడు. ఇవి బెంగళూరులో కూడా అచ్చయి, దక్షిణాదిలో పాస్టరు లేని ఊరు ఉన్నా బార్‌క్లే లేని పాస్టరు లేడన్నంతగా పాకిపోయాయి.

ఇప్పుడు మా ఇంటికి వచ్చిన పుస్తకం. దాని పేరు బార్న్స్ నోట్స్. రాసినాయన ఆల్బర్ట్ బార్న్స్, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రెస్బిటేరియన్ బోధకుడు. 1798లో పుట్టాడు. మన సి.పి. బ్రౌన్ పుట్టిందీ అదే ఏడాది. బార్న్స్ రోజూ తెల్లవారకముందే లేచి చర్చి గదిలో కూర్చుని రాసేవాడు, తొమ్మిది కొట్టగానే కలం పక్కన పెట్టేసేవాడు. మిగతా రోజంతా చర్చి పని. ఆ పొద్దుటి గంటల్లోనే పుట్టింది ఈ సెట్టంతా. అది కలకడ మాలపల్లెకు ఎట్లా వచ్చిందో తెలియాలంటే మన ప్రాంతం చరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

ఇప్పుడు మనం కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని ఒక్క ఊపిరిలో చెప్తాం. నూట యాభై ఏళ్ల కింద ఇవి ఒక్క చోట లేవు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా కింద ఉండేవి. మా కలకడ వాయల్పాడు తాలూకాలోది. పుంగనూరు జమీందారీ. కుప్పం వైపు కంగుంది జమీను, అది ఉత్తర ఆర్కాటు కింద. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి. దొరలు వేరు, జమీందార్లు వేరు, జిల్లాలు వేరు. కానీ ఊరికి దూరంగా ఉన్న వాడ మాత్రం అన్ని చోట్లా ఒకటే.

ఈ ప్రాంతానికి వచ్చిన మిషన్ అమెరికన్ ఆర్కాటు మిషన్. అమెరికాలోని డచ్చి మూలాల రిఫార్మ్డ్ చర్చిది. స్కడర్ కుటుంబం అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టారు. జాకబ్ చాంబర్లేన్ అనే డాక్టరు పలమనేరులో ఉండి, 1863లో మదనపల్లెకు వచ్చాడు. మందులిచ్చాడు, ఊరూరా తిరిగాడు, తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడిగా ఏళ్ల తరబడి పనిచేశాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి చరిత్ర మీలో చాలామందికి తెలుసు. మదనపల్లె అంటే బీసెంటు కాలేజీ, 1919లో అక్కడ టాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చడం పాఠాల్లో చదువుకుంటాం. అదే మదనపల్లెలో వాడల నుంచి వచ్చిన పిల్లలు పలకలు పట్టుకుని మిషన్ కాంపౌండు చెట్ల కింద కూర్చున్న సంగతి ఏ పాఠంలోనూ రాదు.

మిషనరీలు పది మందే. ఊళ్లు వందలు. మరి పని ఎవరు చేశారు? ఉపదేశులు. అంటే మన తాతలు. పల్లె పల్లెకు ఒక ఉపదేశి. పొద్దున బడి, సాయంత్రం ప్రార్థన, ఆదివారం ప్రసంగం, మధ్యలో జబ్బు చేసిన వాళ్లకు మందు, పోలీసు పట్టుకుపోయిన వాడికి అర్జీ. వాళ్లకు చదువు చెప్పడానికి 1888లో పలమనేరులో ఒక దైవశాస్త్ర పాఠశాల తెరిచారు. ఒంగోలు వైపు చూస్తే ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. తాళ్లకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య చెప్పులు కుడుతూ, తోళ్ల వ్యాపారానికి ఊళ్లు తిరుగుతూ మాట మోసుకుపోయాడు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పుస్తకాల్లో ఆ ఘనత క్లౌ దొరది. దాని వెనక ఉన్న కాళ్లు పేరయ్యలాంటి వాళ్లవి.

మా జేజినాయన అట్లాంటి ఉపదేశి. మిషన్ జీతం చాలేది కాదు. 1950ల మొదట్లో ఒక మిషన్ బంగ్లా ఖాళీ చేస్తూ, పాత పుస్తకాలను పనిచేసే వాళ్లకు పంచిపెట్టారంట. ఆయన వంతుకు వచ్చినవి బార్న్స్ నోట్స్ ఏడు సంపుటాలు. గ్లాస్గోలోని బ్లాకీ అండ్ సన్ అచ్చు. మన పెద్దల బడి పుస్తకాలు వేసిన బ్లాకీ కంపెనీయే. మా ఇంట్లో అప్పటికి మంచం ఒకటి, రోలు ఒకటి, రాగుల కుండలు, ఈ ఏడు పుస్తకాలు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కూడబలుక్కుని చదివేవాడు. తెలిసిన మాట కింద గీత, తెలియని మాట చుట్టూ సున్న. పక్కన తెలుగులో పెన్సిలు రాత. శనివారం రాత్రి కూర్చుని ఫిలడెల్ఫియా ఆయన చెప్పిందాన్ని ఆదివారం పొద్దుటికి మా వాడ భాషలోకి దించేవాడు. మా వాడకు భూగోళం తెలిసింది ఆ పుస్తకాల్లోనే. అంజూరపు చెట్టు ఎట్లుంటుంది, తలాంతు అంటే ఎంత, యొర్దాను ఎటు పారుతుంది, రోము రాజ్యంలో బానిసను ఎట్లా కొనేవాళ్లు. ఊరి బడి గుమ్మం ఎక్కనీయని కాలంలో మా వాడకు అదే విజ్ఞాన సర్వస్వం.

ఆయన 1983లో పోయాడు. నాకు పదేళ్లు. పుస్తకాలు అటక మీదికి ఎక్కాయి.

1990లో నేను ఇంటరు ముగించాను. పై చదువుకు, హాస్టలు సీటుకు కులం సర్టిఫికెట్ కావాలి. విచారణకు మనిషి వస్తాడని తెలిసిన రాత్రి మా నాయన అటక ఎక్కాడు. ఒక్కో పుస్తకం తెరిచి మొదటి పేజీ చించాడు. ఆ పేజీల మీద మా జేజినాయన బాప్తిస్మం పేరు, మిషన్ ముద్ర ఉన్నాయి. చించిన కాగితాలు పొయ్యిలోకి. మిగిలిన పుస్తకాలు మరుసటి రోజు పాత కాగితాల వాడికి. తూకానికి. ఆ వారం రోజులు కలకడ బస్టాండులో బార్న్స్ నోట్స్ పొట్లాల్లో శెనక్కాయలు తిన్నవాళ్లు ఉండే ఉంటారు. నేను అడ్డం పడలేదు. నిజం చెప్పాలంటే, ఆ సర్టిఫికెట్ నాకే కావాలి.

విద్యార్థి మిత్రులు ఈ చట్టం సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కు దళితులను చేర్చారు. 1990లో, సరిగ్గా మా నాయన పేజీలు చించిన ఏడాదే, బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులను ఇవాళ్టికీ చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవ దళితులను బీసీ – సి కింద పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మత షరతు తీసేయమంది. అమలు కాలేదు. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది. మతం మారినా వాడ మారదని, ఊరి బావి మారదని, శ్మశానం మారదని మనకు తెలుసు. ఈ రెండింటి మధ్య నలిగింది ఆస్తులు కాదు, ఎందుకంటే మనకవి లేవు. నలిగింది మన కాగితాలు. ఏ జాతి అయినా తాతల పేర్లు రాసిన పుస్తకాలను దాచుకుంటుంది. వాటిని తన చేత్తో చించుకోవాల్సి వచ్చిన జాతి మనది. మన చరిత్రకు ఆధారాలు లేవని సెమినార్లలో అనే వాళ్లకు ఈ మాట చెప్పండి. కొన్ని లేకపోవడం కాదు, ఉన్నవి పొయ్యిలోకి పోయాయి.

వేట ఎట్లా మొదలైందంటే, 1999లో మా అవ్వ పోయింది. ఆమె రేకు పెట్టె తెరిస్తే చీరల అడుగున ఒక లావు పుస్తకం. బార్న్స్ నోట్స్, యెషయా గ్రంథం మీద ఒక సంపుటం. అట్ట ఊడిపోయింది. 1990లో అమ్మేనాటికే దాన్ని తీసి దాచుకుంది. ఆమెకు అక్షరం రాదు. ఎందుకు దాచావని అడగడానికి ఆమె లేదు. ఒకసారి మా అమ్మతో మాత్రం అన్నదంట, "దాంట్లో ఆయన చెయ్యి ఉండాది" అని.

అప్పటి నుంచి మిగతా ఆరింటి కోసం తిరుగుతున్నాను. బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కుప్పలు తిరగేశాను. మద్రాసు మూర్ మార్కెట్ 1985లోనే కాలిపోయింది కాబట్టి, అక్కడి నుంచి చెదిరిన వాళ్లను వెతికాను. పుంగనూరులో ఒక దర్జీ అన్న ఇంట్లో మాథ్యూ హెన్రీ రెండో సంపుటం కుట్టుమిషను కాలి కింద ఎత్తుకు పెట్టి ఉంది. అడిగితే నవ్వి, దాని బదులు ఒక ఇటుక తెచ్చిపెట్టమన్నాడు. తెచ్చిపెట్టాను.

ఎక్కువ దొరికింది మాత్రం కుప్పం దారిలో. కారణం కోలారు బంగారు గనులు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వాడల నుంచి మన వాళ్లు తరాల తరబడి అక్కడ గనుల్లోకి దిగారు. అక్కడే చర్చీలు, సంఘాలు, చదువులు, అంబేడ్కర్ మాటలు పెరిగాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. లైన్ ఇళ్లలోని పెద్దవాళ్లు సామాన్లు అమ్ముకున్నారు. కుప్పంలో స్థిరపడిన ఒక రిటైరైన పెద్దాయన దగ్గర బార్న్స్ కొత్త నిబంధన మీద సెట్టు దొరికింది. బ్లాకీ అచ్చే. తొమ్మిది వందల రూపాయలు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "చదువుతావా, పెట్టుకుంటావా?" అని అడిగాడు. చదువుతానన్నాను. "అయితే తీసుకపో" అన్నాడు.

మీరూ వెతుకుతారేమో, అందుకని నాలుగు మాటలు. సెట్టు కొనేముందు సంపుటాలన్నీ ఒకే ముద్రణవో కాదో చూడండి. అట్టలు ఒకటే అయినా లోపల వేరే ఉంటాయి. ముద్రణ సంవత్సరం చాలాసార్లు ఉండదు. అప్పుడు ప్రచురణకర్త చిరునామా, బహుమతిగా ఇచ్చిన తేదీ చూసి లెక్కగట్టాలి. 19వ శతాబ్దం రెండో సగం కాగితం ఆమ్లంతో పెళుసెక్కి ముట్టుకుంటే విరుగుతుంది. దానికన్నా పాత గుడ్డపీచు కాగితం గట్టిగా ఉంటుంది. తోలు అట్ట ఎర్రగా పొడి రాలుతుంటే నూనెలు పూయకండి, గుడ్డలో చుట్టండి. పురుగుకు ఎండలో పెట్టడం తప్పు, నీడలో గాలి ఆడాలి. అన్నిటికన్నా ముఖ్యం, పెన్సిలు రాతలు రబ్బరుతో చెరపకండి. పుస్తకాల వ్యాపారి దృష్టిలో శుభ్రమైన పుస్తకానికి ధర ఎక్కువ. మన దృష్టిలో మురికి పుస్తకానికే విలువ ఎక్కువ.

ఇప్పుడు లోపల ఏముందో చూద్దాం. వీటన్నిటినీ ఒక్క వచనం దగ్గర పక్కపక్కన తెరిచి పెట్టండి. యెషయా 58వ అధ్యాయం, 6వ వచనం. తిండి మానడం ఉపవాసం కాదు, కాడి విరగ్గొట్టి అణగారిన వాళ్లను విడిపించడమే దేవుడికి నచ్చిన ఉపవాసం అని దాని సారం.

ఇక్కడ ఆడమ్ క్లార్క్ ఊరుకోలేదు. బానిస వ్యాపారం చేస్తూ ఉపవాస దినాలు ప్రకటించే దేశానికి ఏ ముఖం ఉందని తన సొంత బ్రిటనునే నిలదీశాడు. ఆల్బర్ట్ బార్న్స్ కూడా ఈ వచనాన్ని బానిసత్వం మీదికే తిప్పాడు. బార్న్స్ సంగతి ఇంకొంచెం ఉంది. 1846లో ఆయన ఒక పుస్తకమే రాశాడు, బైబిలు బానిసత్వాన్ని సమర్థించదని. అప్పటి అమెరికాలో బోధకులే బైబిలు చూపించి బానిసలను ఉంచుకున్నారు. చర్చి లోపల అండ లేకపోతే బయటి ఏ శక్తీ బానిసత్వాన్ని ఒక్క గంట కూడా నిలబెట్టలేదని బార్న్స్ అన్నాడు. ఆ మాటను 1852లో, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ తన ప్రసిద్ధ జూలై నాలుగు ప్రసంగంలో బార్న్స్ పేరు పెట్టి ఎత్తి చూపాడు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. డగ్లస్ వేలెత్తి చూపిన మనిషి రాసిన పుస్తకం, కలకడ మాలపల్లెలో ఒక ఉపదేశి కిరసనాయిలు దీపం కింద ఉంది. మా జేజినాయనకు డగ్లస్ పేరు తెలియదు. కానీ వాళ్లిద్దరూ ఒకే మనిషి మాట విన్నారు.

స్పర్జన్ బానిసత్వాన్ని ఖండించినందుకు 1860లో అమెరికా దక్షిణాదిలో ఆయన పుస్తకాలు తగలబెట్టారు. మనం మహాడ్‌లో 1927 డిసెంబరు 25న మనుస్మృతి తగలబెట్టాం. పుస్తకాన్ని ఎవరు, ఎందుకు కాలుస్తున్నారో చూస్తే ఎవరు యజమానో, ఎవరు బానిసో తెలిసిపోతుంది. ఆయన పోయాక ఆయన గ్రంథాలయంలోని వేల పుస్తకాలను అమెరికాలోని ఒక కాలేజీ కొనుక్కుని భద్రపరిచింది. అది ఒకప్పుడు బానిసత్వం ఉన్న మిస్సోరీ రాష్ట్రంలోనిదే. కడపలో బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం ఉంది. దాని కోసం జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పడిన శ్రమ గొప్పది. మన ఉపదేశుల పెన్సిలు రాతలకు మాత్రం ఇంకా బీరువా లేదు.

ఈ వ్యాఖ్యానాలన్నీ విముక్తి గీతాలు అనుకోకండి. అట్లా చెప్తే అబద్ధం చెప్పినవాడినవుతాను. మాథ్యూ హెన్రీ లోకంలో యజమాని యజమానే, సేవకుడు సేవకుడే, ఇద్దరూ ఎవరి చోట వాళ్లు దేవుడికి భయపడాలి. పారిపోయిన బానిస ఒనేసిమును ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపిన చిన్న పత్రిక దగ్గర ఒక్కో వ్యాఖ్యాతను చదివితే, ఎవరి గుండె ఎటు ఉందో తెలుస్తుంది. బార్న్స్ కూడా మెత్తని మనిషే. అమెరికాలో బానిసత్వం మీద మాట్లాడిన చర్చీల నుంచే మన దగ్గరికి మిషన్లు వచ్చాయి. ఇక్కడ కులం ముందు మాత్రం చాలాచోట్ల సర్దుకుపోయాయి. చర్చిలో కులాల వారీగా కూర్చోబెట్టిన సంగతులు, మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు అయిన సంగతులు మనకు కొత్త కాదు. బార్న్స్ మాటను మనం మన మీదికే తిప్పుకోవాలి. చర్చి లోపల అండ లేకపోతే చర్చిలో కులం ఒక్క గంట నిలబడుతుందా?

బాబాసాహెబ్ ఈ ప్రశ్న అందరికన్నా ముందే వేశాడు. అంటరానివాళ్ల మతమార్పిడి గురించి ఆయన రాసిన వ్యాసాలు ఆయన బతికుండగా అచ్చు కాలేదు. రచనల ఐదో సంపుటంలో ఉన్నాయి, చదవండి. మిషన్ల విద్య, వైద్యం ఫలితం ఎక్కువగా పైకులాలకే పోయిందని, మతం మారిన అంటరానివాళ్లు తమ కష్టాల మీద సంఘటితంగా కదల్లేదని ఆయన నొచ్చుకుంటూ రాశాడు. కోపంగా అడిగిన కార్యకర్త మిత్రులకు నేను చెప్పేది ఇదే. ఆయన విమర్శ చదివింది పుస్తకాలు తగ్గించుకోవడానికి కాదు. పుస్తకాల కోసం రాజగృహ కట్టుకున్న మనిషి ఆయన. ఎదుటివాడి శాస్త్రాన్ని అక్షరం అక్షరం చదివాకే దాన్ని విప్పాడు. మన తాతలు చదివిన పుస్తకం మనం చదవకుండా వాళ్లను అమాయకులనడం తేలిక.

తర్వాత మన వాళ్లే వ్యాఖ్యానం రాయడం మొదలుపెట్టారు. 1980ల మొదట్లో బెంగళూరులో అరవింద్ నిర్మల్, ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలోని దిమ్మరి తండ్రి కథను దళితుడి కథగా చదివాడు. వాళ్ల తండ్రి దిమ్మరి అయినా ఒక జనం, మన తండ్రి అసలు జనమే కాదన్నారని ఆయన తేడా చూపించాడు. ఈ శతాబ్దంలో టి.కె. జాన్, జేమ్స్ మాసీ లాంటి వాళ్ల సంపాదకత్వంలో ఢిల్లీ నుంచి దళిత బైబిలు వ్యాఖ్యానమే సంపుటాలుగా వచ్చింది. ఫిలడెల్ఫియా దాకా పోనక్కర లేకుండా మన కళ్లతో రాసినవి. అవి కూడా నా బీరువాలో ఉన్నాయి. వాటి పక్కనే అట్ట ఊడిన యెషయా.

ఇక చివరి సంగతి. ఇది ఇప్పటిదాకా రాయలేదు.

ఆ యెషయా సంపుటంలో 58వ అధ్యాయం దగ్గర మార్జిన్‌లో పెన్సిలుతో ఏడు పేర్లు ఉన్నాయి. పక్కన అంకెలు. కింద 1953 అని ఉంది. మొదట చందా లెక్క అనుకున్నాను. అంకెలు చందాకు పెద్దవి. 40, 60, 75. చాలా ఏళ్లకు అర్థమైంది, అవి జీతగాళ్ల పేర్లని. అప్పు కింద ఆసాముల ఇళ్లలో పెట్టిన మా వాడ పిల్లలు, వాళ్ల మీద ఉన్న బాకీ. వెట్టి నిషేధ చట్టం వచ్చింది 1976లో. దానికి ఇరవై మూడేళ్ల ముందు, ఏ సర్కారు లెక్కలోనూ లేని ఏడుగురు పిల్లల లెక్కను మా జేజినాయన కాడి విరగ్గొట్టమన్న వచనం పక్కన రాసి పెట్టుకున్నాడు. ఆయన ఆ ఆదివారం ఏం ప్రసంగించాడో తెలియదు. రాత మాత్రం ఉంది.

ఈ వ్యాసాల కోసం పోయిన ఏడాది ఆ పేర్లు మా నాయనకు చదివి వినిపించాను, ఎవరు ఎవరో చెప్తాడని. ఆయనకు ఎనభై దాటాయి. మొదటి ముగ్గురిని గుర్తుపట్టాడు, ఇద్దరు పోయారు, ఒకరు కోలారు వెళ్లి అక్కడే ఉండిపోయారు. నాలుగో పేరు చదివాను. అది నాకు తెలియని పేరు. పక్కన 40 అని ఉంది, పేరు మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. ఆయన కాసేపు ఏమీ అనలేదు.

"అది నేనేరా," అన్నాడు.

బాప్తిస్మం పేరు కాదు, బడి పేరు కాదు. చిన్నప్పుడు వాడలో పిలిచిన పేరు. పదకొండేళ్ల వయసులో. ఉపదేశి కొడుకు.

"గీత కొట్టినాడంటే బాకీ తీర్చినాడా నాయనా?" అని అడిగాను.

"యాడ తీర్చేది? నేనే పారిపోయొచ్చేస్తి. మళ్లా పంపలేదు మా నాయన. వాళ్లొచ్చి అరిసినారు. ఈయన గడపలో కూచోని పంపనని చెప్పినాడు. దానికి మిషన్ జీతం ఆర్నెల్లు వాళ్లకే కట్టినాడు."

కాసేపాగి మళ్లీ అన్నాడు, "ఆ పేజీలు చించేటప్పుడు నాకు ఇది తెలీదబ్బోడా. నా పేరు రాసి పెట్టినాడని."

ఒనేసిమును తిరిగి పంపారు. మా జేజినాయన పంపలేదు. ఆ పత్రిక మీద ఆయన ఏ వ్యాఖ్యానం చదివాడో, చదివినా ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఆ సంపుటం శెనక్కాయల పొట్లాలైపోయింది. కానీ ఆయన వ్యాఖ్యానం గడపలో కూర్చుని చెప్పేశాడు.

అందుకే మిత్రులారా, ఆ పుస్తకాలు. మతం కోసం కాదు. నాకు తెలిసినంతలో 1953లో మా వాడలో ఎవరు వెట్టిలో ఉన్నారో చెప్పే కాగితం అది ఒక్కటే. అట్లాంటివి మీ ఇళ్లలోనూ ఉంటాయి. బైబిలు అట్టల లోపల, పాటల పుస్తకాల చివరి పేజీల్లో, ఉపదేశి తాతల డైరీల్లో. పుట్టిన తేదీలు, చావులు, అప్పులు, వలస పోయిన ఊళ్లు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అటక ఎక్కండి. మీ అవ్వ రేకు పెట్టె తెరవండి. ఆమె బతికుంటే ముందు ఆమెను అడగండి, తర్వాత పుస్తకం చూడండి. ఫోనుతో ప్రతి పేజీ ఫోటో తీసి మూడు చోట్ల దాచండి. పేర్లు బయటపెట్టే ముందు ఇంట్లో వాళ్ల అనుమతి తీసుకోండి. ఎందుకంటే ఆ పేర్లు బయటపడితే సర్టిఫికెట్ పోతుందన్న భయం ఇంకా మన ఇళ్లలో ఉంది. ఆ భయం తీసేసే పోరాటం వేరే ఉంది, అదీ మనదే. అది గెలిచే దాకా చరిత్రను కాల్చకుండా దాచడం నేర్చుకుందాం.

నాకు ఇంకా ఆరు సంపుటాలు దొరకాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, పలమనేరు వైపు ఎవరి దగ్గరైనా బ్లాకీ అచ్చు బార్న్స్ నోట్స్, మొదటి పేజీ చిరిగిపోయి, మార్జిన్‌లో తెలుగు పెన్సిలు రాతతో కనబడితే చెప్పండి. అమ్మనక్కర లేదు. ఒక్కసారి చూస్తే చాలు.

వచ్చే భాగంలో ఆ జాబితాలోని మిగతా ముగ్గురి కథ, వాళ్ల కుటుంబాలు ఒప్పుకున్నంత మేరకు.

జై భీమ్.